వరిగడ్డి పడక – పుట్టగొడుగుల సేద్యం

తెలుగులో ఒక నానుడి ఉంది. కొద్దికాలంలోనే ఏవైనా విరివిగా వెలిస్తే అవి 'పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి' అంటారు. నిన్న సాయంత్రం లేనిది ఇవాళ తెల్లవారేసరికి గొడుగు విప్పుకొని నిలబడడం కళ్లారా చూసిన పల్లెప్రజల అనుభవం నుంచి పుట్టిన మాట అది. అయితే అందులో సగం సత్యం మాత్రమే ఉంది. కంటికి కనిపించే గొడుగు ఒక్క రాత్రిలో విచ్చుకోవచ్చు గాని, దాని వెనుక కంటికి కనిపించకుండా వారాల తరబడి సాగిన కృషి ఉంటుంది. ఆ కృషికి తగిన చోటు, తగిన ఆహారం, తగిన తేమ సమకూరినప్పుడే గొడుగు పైకి వస్తుంది. ఇంట్లో పుట్టగొడుగులు పెంచాలనుకొనేవారు మొదట నేర్వవలసింది ఈ సత్యాన్నే. పుట్టగొడుగుల సేద్యంలో అసలైన సేద్యం విత్తనం చల్లడంలో కాదు, విత్తనం చల్లవలసిన పడకను సిద్ధం చేయడంలో ఉంది.

పుట్ట చెప్పే పాఠం

'పుట్టగొడుగు' అన్న పదమే ఒక ప్రకృతి రహస్యాన్ని దాచుకొని ఉంది. పుట్టయందు మొలిచే గొడుగు కనుక అది పుట్టగొడుగు. సంస్కృతంలో దీనిని ఛత్రాకమన్నారు. ఆ మాటలోనూ గొడుగు ఉన్నది గాని పుట్ట లేదు. తెలుగువాడు మాత్రం గొడుగును, అది మొలిచే తావును ఒకే మాటలో ముడివేశాడు. తొలకరి వానలు కురిసిన తరువాత చెదపుట్టల మీద, వాటి చుట్టుపక్కల మొలిచే రుచికరమైన పుట్టగొడుగులను మన గ్రామీణులు ఎంతోకాలంగా ఎరుగుదురు.

వాటికీ పుట్టకూ గల సంబంధం యాదృచ్ఛికం కాదు. మన దేశంలో పెద్ద పుట్టలు కట్టే కొన్ని జాతుల చెదపురుగులు తిన్న ఎండుటాకులను, కట్టెముక్కలను నేరుగా జీర్ణించుకోలేవు. అవి ఆ పదార్థాన్ని నమిలి, పుట్ట లోపలి గదులలో తేనెపట్టు వంటి మెత్తని దిమ్మలుగా పేర్చుతాయి. ఆ దిమ్మల మీద ఒక శిలీంధ్రం పెరుగుతుంది. కట్టెలోని కఠినమైన పదార్థాన్ని ఆ శిలీంధ్రం మెత్తబరుస్తుంది. దానిని చెదపురుగులు ఆహారంగా స్వీకరిస్తాయి. వానాకాలంలో ఆ శిలీంధ్రమే పుట్టను చీల్చుకొని గొడుగై పైకి వస్తుంది. అంటే మానవుడు నాగలి పట్టడానికి కోట్ల సంవత్సరాల ముందే చెదపురుగు శిలీంధ్ర సేద్యం చేసిందన్నమాట.

ఇందులో గమనించవలసిన విశేషం మరొకటి ఉంది. చెదపురుగులు ఉన్నంతకాలం ఆ దిమ్మల మీద ఒక్క శిలీంధ్రమే పెరుగుతుంది. అవి పుట్టను విడిచిపెట్టిన కొద్ది రోజులకే వేరే జాతి శిలీంధ్రాలు చెలరేగి దిమ్మను ఆక్రమిస్తాయి. ఆహారం ఉన్నంత మాత్రాన చాలదు. ఆ ఆహారం కోసం పోటీపడే కలుపును అదుపులో ఉంచాలి. తగిన ఆహారాన్ని సమకూర్చడం, పోటీదారులను తగ్గించడం – ఈ రెండే పడక తయారీకి మూలసూత్రాలు.

పుట్టగొడుగు మొక్క కాదు

పుట్టగొడుగును కూరగాయల సరసన చేర్చి అమ్ముతున్నా అది మొక్క కాదు. మొక్కలకున్న పత్రహరితం దానికి లేదు. అందువల్ల సూర్యరశ్మితో తన ఆహారాన్ని తాను తయారుచేసుకోలేదు. ఇతర జీవుల నుంచి మిగిలిన పదార్థం మీద ఆధారపడి బతుకుతుంది. మనం పుట్టగొడుగు అని పిలిచేది ఆ జీవి పూర్తి శరీరం కాదు. మామిడి చెట్టుకు కాయ ఎటువంటిదో శిలీంధ్రానికి పుట్టగొడుగు అటువంటిది. అసలు శరీరం దారపు పోగుల కన్న సన్నని తంతువుల అల్లిక. దీనినే శాస్త్రజ్ఞులు శిలీంధ్రజాలం లేదా మైసీలియం అంటారు.

ఈ తంతువులు గడ్డిపోచలోకి, కట్టెముక్కలోకి చొచ్చుకొనిపోయి కొన్ని ఎంజైములను స్రవిస్తాయి. గడ్డిలో ప్రధానంగా ఉండేవి సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే మూడు పదార్థాలు. మనిషి వీటిని జీర్ణించుకోలేడు. పశువులు కూడా లిగ్నిన్‌ను అరిగించుకోలేవు. ఆయిస్టర్ పుట్టగొడుగు మాత్రం ఈ మూడింటినీ విడగొట్టి తన ఒంటికి పట్టించుకోగలదు. మనం తినలేని గడ్డిని మనం తినగలిగిన ఆహారంగా మార్చే ఈ శక్తి వల్లనే ఇంటి మూలన ఒక చిన్న గదిలో పంట పండించడం సాధ్యమవుతున్నది.

చరిత్రలో తొలి అడుగులు

ఆయిస్టర్ పుట్టగొడుగును మన ప్రాంతంలో ముత్యపు చిప్ప పుట్టగొడుగు అని కూడా అంటారు. దాని ఆకారం ముత్యపు చిప్పను పోలి ఉండడమే అందుకు కారణం. దీనిని 1917లో జర్మనీలో ఫాక్ అనే శాస్త్రజ్ఞుడు చెట్ల మొద్దుల మీద పెంచి చూపాడు. మన దేశంలో 1962లో మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో బానో, శ్రీవాస్తవ అనే శాస్త్రజ్ఞులు వరిగడ్డి మీద ఈ జాతి పుట్టగొడుగును పెంచే పద్ధతిని రూపొందించారు. చెట్టు మొద్దు నుంచి గడ్డికి మారడం చిన్న మార్పుగా తోచవచ్చు. కాని వరి పండించే దక్షిణాది పల్లెలకు ఈ పంటను చేరువ చేసింది ఆ మార్పే. మొద్దు కొందరికే దొరుకుతుంది. గడ్డి అందరి కళ్లంలోనూ ఉంటుంది. వరిగడ్డి పుట్టగొడుగు అనే మరొక జాతిని అంతకు ముందే, 1943లో, కోయంబత్తూరులో పండించారు. 1983లో హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో పుట్టగొడుగుల కోసమే ప్రత్యేకంగా ఒక జాతీయ పరిశోధన కేంద్రం ఏర్పడింది.

ఏ పదార్థాన్ని ఎంచుకోవాలి?

ఆయిస్టర్ పుట్టగొడుగుకు ఆహార విషయంలో పట్టింపులు తక్కువ. వరిగడ్డి, గోధుమగడ్డి, చెరకు పిప్పి, మొక్కజొన్న కండెలు, ఎండిన అరటి ఆకులు, పత్తి వ్యర్థాలు, రంపపు పొట్టు – వీటిలో దేనిమీదనైనా పెరుగుతుంది. తెలుగునాట సులభంగా, చవకగా దొరికేది వరిగడ్డి కనుక కొత్తగా ప్రారంభించేవారు దానితో మొదలుపెట్టడం మేలు.

గడ్డిని ఎంచుకోవడంలో మెలకువ అవసరం. ఆ సంవత్సరపు పంటదై, బంగారు పసుపు రంగులో, పెళపెళలాడుతూ ఉన్న గడ్డి శ్రేష్ఠం. వానకు తడిసి నల్లబడిన గడ్డి, వాము అడుగున మగ్గి ముక్కవాసన వేసే గడ్డి పనికిరావు. అటువంటి గడ్డిలో వేరే బూజులు ముందుగానే కాపురం పెట్టి, తినదగిన భాగాన్ని తినివేసి ఉంటాయి. కోతకు ముందు పురుగుమందులు దట్టంగా కొట్టిన పొలం నుంచి తెచ్చిన గడ్డిని కూడా వాడకూడదు. మనం తినబోయే ఆహారానికి ఆ గడ్డే పునాది అన్న సంగతి మరువరాదు. రంపపు పొట్టు వాడేవారు అది రంగులు, రసాయనాలు పూసిన కట్టె నుంచి వచ్చినది కాదని నిర్ధారించుకోవాలి.

కొందరు త్వరగా ఎక్కువ పంట రావాలన్న ఆశతో గడ్డిలో తవుడు కలుపుతారు. తవుడులో నత్రజని ఎక్కువ. అది శిలీంధ్రానికి బలమే. కాని ఆ బలం పుట్టగొడుగుకు మాత్రమే చెందదు. పచ్చబూజుకు, బాక్టీరియాకు కూడా అది విందు భోజనమే. తవుడు కలిపిన పడకను అధిక పీడనంలో ఆవిరితో పూర్తిగా శుద్ధి చేసే సౌకర్యం ఉన్నవారికే ఆ పని తగినది. ఇంట్లో తొలిసారి ప్రయత్నించేవారు వట్టి గడ్డితోనే సరిపెట్టుకోవడం వివేకం.

గడ్డిని సిద్ధం చేసే విధానం

మొదటి పని గడ్డిని తరగడం. కత్తిపీటతోనో గడ్డి కోసే యంత్రంతోనో 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోయాలి. పొడవైన గడ్డిని సంచిలో కూరితే మధ్యలో గాలి ఖాళీలు ఏర్పడతాయి. శిలీంధ్ర తంతువు ఆ ఖాళీని దాటడానికి శ్రమపడుతుంది. మరీ పొడిగా చేస్తే గడ్డి ముద్దకట్టి లోపలికి గాలి ఆడదు. ఈ రెండింటికీ నడుమ ఉన్న కొలతే మంచిది.

రెండవ పని నానబెట్టడం. తరిగిన గడ్డిని గోనెసంచిలో వేసి మూతికట్టి, మంచినీటి తొట్టిలో ముంచి, పైకి తేలకుండా బరువు పెట్టాలి. 8 నుంచి 12 గంటలు నానితే గడ్డి లోపలి భాగం కూడా నీరు పీల్చుకొని మెత్తబడుతుంది. నీరు తేనీటి రంగులోకి మారుతుంది. ఆ నీటిని పారబోసి గడ్డిని శుభ్రమైన నీటితో ఒకసారి కడగాలి. పారబోసే నీరు పెరటి మొక్కలకు పనికివస్తుంది.

మూడవది, అన్నింటికన్న ముఖ్యమైనది, వేడినీటి శుద్ధి. పెద్ద పాత్రలో నీటిని 80 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచి, నానిన గడ్డి సంచిని అందులో పూర్తిగా మునిగేటట్లు ఉంచాలి. చల్లని గడ్డి పడగానే నీటి వేడి కొంత తగ్గుతుంది. మంటను సర్దుతూ 65 నుంచి 80 డిగ్రీల మధ్య వేడి ఒక గంటసేపు నిలిచేటట్లు చూడాలి. ఉష్ణమాపకం దగ్గర ఉంటే పని సులువు. లేనివారు పాత్ర అడుగు నుంచి చిన్న బుడగలు లేస్తూ, పైన ఆవిరి వస్తూ, నీరు తెర్లక ముందున్న స్థితిని గుర్తుగా పెట్టుకోవచ్చు. వేడినీటిలో తడిసిన సంచి చాలా బరువుంటుంది. దానిని ఇద్దరు పెద్దవారు కలిసి జాగ్రత్తగా ఎత్తాలి. ఒంటరిగా ఎత్తబోయి ఒళ్లు కాల్చుకోరాదు.

వంటచెరకు, గ్యాసు ఖర్చు భరించలేనివారికి మరొక మార్గం సున్నపు నీరు. సున్నం కలిపిన నీటికి క్షారగుణం బాగా పెరుగుతుంది. అందులో గడ్డి రాత్రంతా నానితే చాలా రకాల బూజులు నశిస్తాయి. సున్నపు నీరు చేతులను, కళ్లను దెబ్బతీస్తుంది కనుక తొడుగులు లేకుండా అందులో చేయి పెట్టకూడదు. పెద్ద పెంపకశాలల్లో రసాయనాలతో శుద్ధి చేసే పద్ధతి కూడా వాడుకలో ఉంది. ఇంటివాడకానికి పెంచుకొనే పంటకు వాటి అవసరం లేదు, వేడినీరే చాలు.

నాలుగవ పని ఆరబెట్టడం. శుద్ధి చేసిన గడ్డిని వాలుగా ఉంచి నీరు ఓడ్చి, శుభ్రంగా కడిగిన పట్టా మీద నీడన పలచగా పరచాలి. గడ్డిలో 65 శాతం తేమ మిగలాలి. పిడికిట గడ్డిని గట్టిగా పిండినప్పుడు నీటిచుక్క రాలకూడదు. కాని అరచేయి చెమ్మగిల్లాలి. పెద్దలు తరతరాలుగా పిండిముద్దను, మట్టిముద్దను చేతితో చూసి తేల్చినట్టే ఇదీ చేతితో తేల్చే విద్య. లెక్కతో తేల్చుకోదలచినవారికి తక్కెడ ఉన్నది. కిలో ఎండుగడ్డిలో సుమారు 100 గ్రాముల తేమ ముందే ఉంటుంది; గడ్డి పదార్థం 900 గ్రాములు. 65 శాతం తేమ ఉన్నప్పుడు ప్రతి 100 గ్రాములలో 35 గ్రాములే గడ్డి పదార్థం. ఈ లెక్కన 900 గ్రాముల పదార్థం గల తడిగడ్డి బరువు రెండున్నర కిలోల పైచిలుకు ఉండాలి. కిలో ఎండుగడ్డి ఆరిన తరువాత మూడు కిలోలు తూగితే ఇంకా ఆరవలసి ఉందని, రెండు కిలోలకు దిగితే ఎక్కువ ఆరిందని గ్రహించాలి.

తెర్లించి మరిగిస్తే ఇంకా మంచిది కాదా?

ఇక్కడ తెలివైన విద్యార్థికి ఒక సందేహం కలుగుతుంది. 80 డిగ్రీలకు కొన్ని క్రిములు చస్తే, గంటల తరబడి తెర్లించి అన్నింటినీ చంపివేయడం ఇంకా మేలు కదా అని. ఈ ప్రశ్నకు సమాధానంలోనే పడక తయారీలోని సూక్ష్మం ఉంది.

వేడి చేసి కొన్ని క్రిములను మాత్రమే తొలగించే పద్ధతిని పాశ్చరీకరణ అంటారు. ద్రాక్షసారాయి చెడిపోకుండా నిలవ ఉంచడానికి 1860వ దశకంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ కనిపెట్టిన పద్ధతి కనుక ఆయన పేరే దానికి స్థిరపడింది. పాలను శుద్ధి చేసేదీ ఈ విధంగానే. గడ్డి విషయంలో ఈ మితమైన వేడికి పచ్చబూజు వంటి పోటీదారులు చాలావరకు నశిస్తాయి. వేడిని తట్టుకోగల కొన్ని మేలుచేసే బాక్టీరియాలు మాత్రం మిగులుతాయి. ఇవి ఆయిస్టర్ శిలీంధ్రానికి అడ్డుతగలవు. పైగా గాలిలో ఎగిరివచ్చే కొత్త బూజులకు చోటివ్వకుండా కాపలా కాస్తాయి.

సర్వక్రిములనూ చంపిన గడ్డి కంచెలేని చేను వంటిది. మొదట ఎవరు అడుగుపెడితే వారిదే రాజ్యం. గాలిలో సదా తేలియాడే బూజుల సిద్ధబీజాలు పుట్టగొడుగు విత్తనం కన్న వేగంగా మొలకెత్తుతాయి. అటువంటి గడ్డిని క్రిమిరహితమైన ప్రయోగశాలలోనే నింపాలి గాని ఇంటి వసారాలో నింపకూడదు. అంతేగాక ఎక్కువసేపు మరిగితే గడ్డి చీకిపోయి ముద్దవుతుంది. అందులోని పోషకాలు నీటిపాలవుతాయి. అతి ఎక్కడా మంచిది కాదన్న పెద్దల మాట శాస్త్రానికీ వర్తిస్తుంది.

విత్తనం, సంచి, చీకటి గది

పుట్టగొడుగు విత్తనాన్ని స్పాన్ అంటారు. ఇది నిజానికి గింజ కాదు. ఉడికించి శుద్ధి చేసిన జొన్నల మీదనో గోధుమల మీదనో పెంచిన శిలీంధ్రజాలం. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, నమ్మకమైన ప్రయోగశాలల నుంచే దీనిని తెచ్చుకోవాలి. గింజలన్నిటికీ తెల్లని దూది వంటి పొర సమంగా పట్టి ఉండాలి. పచ్చని, నల్లని మచ్చలున్నా, పులిసిన వాసన వచ్చినా ఆ సీసాను వాడకూడదు. కిలో ఎండుగడ్డికి 100 గ్రాముల విత్తనం సరిపోతుంది.

14 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు గల పాలిథీన్ సంచి ఒక కిలో ఎండుగడ్డికి చాలుతుంది. గడ్డి పూర్తిగా చల్లబడిన తరువాతనే నింపాలి. వెచ్చని గడ్డిలో వేసిన విత్తనం చచ్చిపోతుంది. నింపే గది నేలను కడిగి, చేతులను సబ్బుతో శుభ్రపరచుకొని, పంకా ఆపివేసి పని మొదలుపెట్టాలి. అడుగున రెండు అంగుళాల మందం గడ్డి వేసి అరచేతితో అదిమి, అంచుల వెంబడి విత్తనం చల్లాలి. మళ్లీ గడ్డి, మళ్లీ విత్తనం. ఇలా నాలుగైదు పొరలు వచ్చాక పైన గడ్డి కప్పి మూతికట్టాలి. శుభ్రమైన సూదితో సంచి చుట్టూ పదిహేను, ఇరవై చిన్న రంధ్రాలు చేయాలి. శిలీంధ్రం కూడా మనలాగే ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది.

ఈ సంచులను 24 నుంచి 28 డిగ్రీల వేడి గల చీకటి గదిలో ఉంచితే 15 నుంచి 20 రోజులలో గడ్డి అంతా తెల్లగా అల్లుకుపోతుంది. అప్పుడు సంచిని చీల్చి లేదా తొలగించి, పలచని వెలుతురు, మంచి గాలి ఉన్నచోట వేలాడదీయాలి. గోడలకు తడి గోనెపట్టాలు కట్టి, రోజుకు రెండు మూడుసార్లు సన్నగా నీరు చిలకరిస్తే గాలిలో 80 శాతానికి మించిన తేమ నిలుస్తుంది. నాలుగైదు రోజులలో గుండుసూది తలల వంటి మొగ్గలు కనిపిస్తాయి. మరి రెండు మూడు రోజులకు కోతకు వస్తాయి. గాలి చాలకపోతే కాడలు పొడవై, గొడుగులు చిన్నవై నిలుస్తాయి. ఆకారమే లోపాన్ని చెబుతుంది. కిలో ఎండుగడ్డి నుంచి రెండు మూడు విడతలుగా అర కిలో నుంచి ముప్పాతిక కిలో వరకు తాజా పుట్టగొడుగులు రావడం సామాన్యం.

పడక చెప్పే ఆనవాళ్లు

వైద్యుడు నాడి పట్టి రోగాన్ని గుర్తించినట్టు పెంపకందారు రంగును, వాసనను బట్టి పడక స్థితిని గుర్తించాలి. తెల్లని అల్లిక, తాజా పుట్టగొడుగు వాసన ఆరోగ్యానికి గుర్తులు. ఆకుపచ్చని మచ్చ కనిపిస్తే ట్రైకోడెర్మా అనే పచ్చబూజు చేరిందన్నమాట. గడ్డికి వేడి సరిగా అందకపోవడమో, నింపేటప్పుడు శుభ్రత లోపించడమో అందుకు కారణం. పుల్లని దుర్వాసన, జిగురు కనిపిస్తే నీరు ఎక్కువై గాలి ఆడక బాక్టీరియా పెరిగిందని తెలుసుకోవాలి. సన్నని కాడలతో మొలిచి, త్వరలోనే నల్లని సిరాలా కరిగిపోయే కలుపు గొడుగులు వస్తే పడకలో నత్రజని, అమ్మోనియా ఎక్కువయ్యాయని అర్థం. పూర్తిగా చెడిన సంచిని గదిలో విప్పకూడదు. మూతికట్టి బయటికి తీసుకుపోయి దూరంగా పాతిపెట్టాలి. ఒక్క సంచిలోని బూజు గదిలోని అన్ని సంచులనూ పాడుచేయగలదు.

ఇది కేవలం సాంకేతికమైన విషయం కాదు. పెట్టుబడి తక్కువని విని, చేతిలోని కొద్దిపాటి సొమ్ముతో విత్తనం కొని పంట మొదలుపెట్టే గృహిణులు, చిన్నరైతులు ఎందరో ఉన్నారు. పది సంచులు ఒక్కసారి పచ్చబడితే పోయేది గడ్డి మాత్రమే కాదు. కుటుంబం పెట్టుకొన్న ఆశ. అటువంటి నష్టాలలో చాలావరకు వేడి, తేమ, శుభ్రత అనే మూడు విషయాలలో చూపిన తొందరపాటు ఫలితాలే. పంటనంతా తామే కొంటామని ఆశచూపి విత్తనాన్ని అధిక ధరకు అంటగట్టేవారి మాటలు నమ్మక ముందే, ఒకటి రెండు సంచులతో స్వయంగా పెంచి చూసుకోవడం క్షేమం.

కాలానికి తగిన పంట

అన్ని పుట్టగొడుగులకూ ఒకే పడక పనికిరాదు. ఆయిస్టర్ రకాలకు తెలుగునాట శీతాకాలం అనుకూలం. ఎండలు ముదిరాక పాల పుట్టగొడుగు పెంచవచ్చు. ఇది 30 నుంచి 35 డిగ్రీల వేడిలోనూ పండుతుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో విడుదల చేసిన రకంతో దక్షిణాదిన దీని పెంపకం విస్తరించింది. దీని పడకను కూడా వరిగడ్డితోనే సిద్ధం చేస్తారు. అయితే తెల్లని అల్లిక పూర్తయిన తరువాత పడక పైన ఆవిరితో శుద్ధి చేసిన మట్టిని అంగుళం మందాన కప్పాలి. ఆ మట్టి తేమను నిలిపి మొగ్గ తొడగడానికి ప్రేరణ కలిగిస్తుంది.

అంగడిలో ఎక్కువగా కనిపించే తెల్లని బటన్ పుట్టగొడుగు సంగతి వేరు. దానికి పచ్చిగడ్డి పడక పనికిరాదు. గడ్డికి కోళ్ల ఎరువు వంటివి చేర్చి, పలుమార్లు తిరగవేస్తూ వారాల తరబడి కుళ్లబెట్టి, అమ్మోనియా వాసన పూర్తిగా పోయిన కంపోస్టును సిద్ధం చేయాలి. మొగ్గ తొడిగే దశలో 14 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. అది సామాన్య గృహాలకు అందని పంట.

పాటించవలసిన జాగ్రత్తలు

పెంచుకొన్న పుట్టగొడుగు మీద మక్కువతో అడవిలో, పొలం గట్ల మీద కనిపించిన వాటిని కోసి తినరాదు. వెండి నాణెం నల్లబడకపోతే మంచిదని, పురుగులు తిన్నది విషం కాదని, ఉడికిస్తే విషం విరుగుతుందని చెప్పే మాటలు నమ్మదగినవి కావు. కొన్ని విషపు పుట్టగొడుగులలోని విషం ఎంత ఉడికించినా పోదు. తిన్న ఆరేడు గంటలకో, అంతకన్న ఆలస్యంగానో వాంతులు మొదలై కాలేయం దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. నమ్మకమైన విత్తనంతో శుద్ధమైన పడక మీద పెంచుకోవడంలో ఉన్న పెద్ద లాభం ఈ భయం లేకపోవడమే. అయినా పడక మీద విత్తిన రకాన్ని పోలని గొడుగు ఏది మొలిచినా దానిని తీసివేయాలి.

ఆయిస్టర్ పుట్టగొడుగులు ముదిరితే సిద్ధబీజాలను ధూళిలా వెదజల్లుతాయి. మూసిన గదిలో ఆ ధూళిని పీల్చినవారికి దగ్గు, ఆయాసం కలగవచ్చు. అందుచేత గొడుగు అంచులు పైకి తిరగకముందే కోయాలి. పడక గదిని నిద్రించే గదికి దూరంగా ఉంచాలి. ముక్కుకు గుడ్డ కట్టుకొని పనిచేయాలి.

వ్యర్థం కాని గడ్డి

వరి కోత యంత్రాలు వచ్చిన తరువాత గడ్డి చాలాచోట్ల పొలంలోనే చెల్లాచెదురుగా మిగిలిపోతున్నది. దానిని ఏరి వాము వేసే తీరిక లేక కొందరు రైతులు నిప్పుపెడుతున్నారు. నేలకు తిరిగి చేరవలసిన సేంద్రియ పదార్థం పొగగా మారి పీల్చే గాలిని చెడగొడుతున్నది. ఆ గడ్డి అంతటినీ పుట్టగొడుగులు తినివేయగలవని చెప్పడం అతిశయోక్తి. పశువులకు పోగా మిగిలిన గడ్డిలో కొంత భాగమైనా ఇంటిల్లిపాదికి ఆహారమయ్యే మార్గం ఒకటి ఉందని మాత్రం చెప్పవచ్చు. తాజా పుట్టగొడుగులో సుమారు 90 శాతం నీరే అయినా, మిగిలిన భాగంలో మాంసకృత్తులు, బి విటమిన్లు మెచ్చదగినంతగా ఉంటాయి. కోసిన తరువాత కొంతసేపు ఎండ సోకనిస్తే డి విటమిన్ కూడా పెరుగుతుంది. పంట ముగిసిన పడక వానపాముల ఎరువుకు శ్రేష్ఠమైన ముడిసరుకు. శిలీంధ్రం ముందే మెత్తబరిచిన గడ్డి కనుక త్వరగా చివికి పొలానికి బలమవుతుంది.

ఈ సేద్యానికి ఎకరాలు అక్కరలేదు. ఎడ్లు, నాగళ్లు అక్కరలేదు. ఒక గంటెడు పాత్ర కాదు గాని ఒక పెద్ద కాగు, ఒక గోనెసంచి, ఒక నీడగల గది చాలు. కావలసిందల్లా ఓర్పు, పరిశీలన. ఆసక్తిగల విద్యార్థులు సెలవులలో ఒకటి రెండు సంచులతో ప్రయత్నించవచ్చు. గడ్డి ఎన్ని గంటలు నానింది, నీటి వేడి ఎంత, ఆరిన గడ్డి బరువెంత, ఏ రోజున తెల్లని అల్లిక కనిపించింది, ఎన్ని గ్రాముల పంట వచ్చింది అన్న వివరాలను తేదీలతో సహా పుస్తకంలో రాసుకోవాలి. మొదటి సంచి చెడినా ఆ రాతలు చెడవు. రెండవ సంచిని ఎక్కడ సరిదిద్దుకోవాలో అవే చెబుతాయి.